క్రౌను, పినియను, మా బాపు చెవి

పోయిన వారం బహదూర్‌పురా చౌరస్తా దాటి వస్తుంటే, రోడ్డు పక్కన ఎవరో లారీ వెనక ఇరుసు విప్పి పెట్టారు. కింద రేకు డబ్బాలోకి పాత గేరు నూనె నల్లగా, చిక్కగా, తీరిగ్గా కారుతోంది. ఆ వాసన ఎరిగినవాళ్లకే తెలుస్తుంది. మురిగిన కోడిగుడ్డునూ కాలిన వెంట్రుకలనూ కలిపి ఆముదంలో నానబెడితే ఎలా ఉంటుందో అలా ఉంటుంది. నా ముందు నడుస్తున్న ఆవిడ ముక్కుకు కొంగు అడ్డం పెట్టుకుని, ఛీ ఛీ అనుకుంటూ వెళ్లిపోయింది. నేను మాత్రం కూరగాయల సంచీ పట్టుకుని ఆ ఎండలో అక్కడే నిలబడిపోయాను. లారీ కింద పడుకుని పని చేసుకుంటున్న అతను తల బయటపెట్టి, "ఏం కావాలె ఆంటీ?" అన్నాడు. ఏమని చెప్పను? యాభై ఏళ్ల ఆడది, సర్కారు ఆఫీసులో ఫైళ్లు చూసుకునే మనిషి, గేరు నూనె వాసన పీల్చడానికి ఆగిందంటే నమ్ముతాడా? ఏం లేదని చెప్పి వచ్చేశాను గానీ, ఇంటికొచ్చి వంకాయలు తరుగుతున్నంతసేపూ ఆ వాసన ముక్కులోనే ఉంది.

మా చిన్నప్పుడు మా ఇంటి గుర్తే ఆ వాసన. బాపు పేరు నర్సింగ్. ఇంటి ముందు రేకుల షెడ్డు వేసుకుని బండ్ల వెనక ఇరుసులో ఉండే డిఫరెన్షియళ్లు ఒక్కటే బాగుచేసేవాడు. ఇంజను పనికి వేరే మిస్త్రీలుండేవారు, బ్రేకులకు వేరేవాళ్లుండేవారు, రంగులేసేవాళ్లు గల్లీకొకరు. డిఫరెన్షియల్‌కు మాత్రం చార్మినార్ ఇవతలా అవతలా అందరూ "నర్సింగ్ భాయ్ దగ్గరికి పో" అనేవాళ్లే. ఆయన చొక్కా, ఆయన తువ్వాలు, ఆయన పడుకునే చాప, చివరికి అమ్మ ఆయనకు కట్టిచ్చే సద్దిగిన్నె మూత కూడా ఆ నూనె వాసనే కొట్టేవి. అమ్మ రోజూ తిట్టేది, రోజూ ఉతికేది. బళ్లో నా పక్కన కూర్చునే పిల్ల ఒకసారి ముక్కు మూసుకుంటే దాని జడ పట్టుకుని గుంజాను. టీచరు నన్ను గోడవైపు తిప్పి నిలబెట్టింది. అయినా ఏమాటకామాటే చెప్పుకోవాలి, నాకు పొగరు తక్కువేమీ కాదు.

డిఫరెన్షియల్ అంటే ఏమిటో బాపు నాకు బడి పాఠంలా చెప్పలేదు. దసరాకు గౌను బట్ట కొనడానికి పత్తర్‌గట్టికి తీసుకుపోయాడు. అత్తరు వాసనలూ, బట్టల దుకాణాల ముందు రమ్మని పిలిచే కేకలూ, మిఠాయి బండి మీద ముసిరే ఈగలూ, మనుషుల మీద మనుషులూ, వాటి మధ్య ఆయన చెయ్యి పట్టుకుని నేను. ఒక మలుపు తిరిగేటప్పుడు ఆయన లోపలివైపు మెల్లగా అడుగులేస్తుంటే, బయటివైపున్న నేను పరుగు తీయవలసి వచ్చింది. ఆయన అక్కడే ఆగి నవ్వాడు. "చూసినవా బిడ్డా, నేను లోపలి చక్రం, నువ్వు బయటి చక్రం. ఇద్దరం ఒక్క తీరు నడిస్తె మూల మీద వడిపోతం. గా తేడా సూస్కునేటిదే డిఫ్రెన్షల్." వెనక నుంచి రిక్షావాడు బెల్లు కొట్టీ కొట్టీ చివరికి బూతు తిట్టేదాకా మేం అక్కడే నిలబడి ఉన్నాం.

మా ఇల్లు జూపార్కుకు దగ్గర. చలికాలం పొద్దున్నే, ఇంకా బస్సులు మొదలు కాకముందు, సింహం అరుపు మా వాకిట్లోకి వినబడేది. అదేదో భయంకరంగా ఉంటుందనుకుంటారు గానీ, పెద్ద బండి ఎక్కడో దూరంగా గడ్డ ఎక్కుతున్నట్టు ఉండేది. బొగ్గుల కుంపటి దగ్గర చేతులు కాచుకుంటూ బాపూ నేనూ అది ఎన్నిసార్లు అరిచిందో లెక్కపెట్టేవాళ్లం. నాకు పదేళ్లున్నప్పుడనుకుంటా, ఒక పొద్దున సింహం మూడోసారి అరిచింది. "మూడు" అన్నాను. ఆయన నా మొహం చూసి, "ఏం మూడు?" అన్నాడు. "సింహం బాపు." ఆయన తలెత్తి కాసేపు చూశాడు. అది మళ్లీ అరిచింది, నా కడుపులో అదురు తెలిసేంత గట్టిగా. "యాడ?" అన్నాడు ఆయన.

పదేళ్ల పిల్లకు కూడా తెలుసు, డిఫరెన్షియల్ బాగైందా లేదా అన్నది చివరికి చెవే చెప్పాలని. ఎంత కొలిచినా, ఎన్ని గేజులు పెట్టినా, బండి రోడ్డెక్కి నలభై యాభై వేగం అందుకున్నాక వెనక నుంచి వచ్చే మోతను బట్టే లోపల ఏముందో తెలుస్తుంది. యాక్సిలరేటరు తొక్కినప్పుడు కూత వస్తే ఒక లోపం, కాలు తీసినప్పుడు వస్తే ఇంకో లోపం, గరగరమంటే బేరింగు. బాపు పేరు నిలబడ్డది ఆ చెవుల మీదే. వాటిలో ఎడమది దాదాపు పోయిందనీ, కుడిది పోతున్నదనీ గల్లీలో ఒక్కరికి తెలిసినా మర్నాటి నుంచి మా షెడ్డుకు ఒక్క బండి రాదు. బాపు కుంపటిలోకి చూస్తూ, "అమ్మకు చెప్పకు" అన్నాడు.

ఆ తర్వాత నేను ఆయన చెవినయ్యాను. ఇప్పుడు చెప్తుంటే నాకే విచిత్రంగా ఉంది గానీ, అప్పుడు అది లోకంలోకెల్లా గొప్ప ఉద్యోగం. టెస్టుకు బండి తీసేటప్పుడు "పిల్లకు కారంటె మస్తు సరదా సాబ్" అని నన్ను వెనక సీట్లో ఎక్కించుకునేవాడు. నేను సీటు మీద బోర్లా పడుకుని, చెవి కిందికి ఆనించి వినేదాన్ని. తొక్కినప్పుడు మోత వస్తే ఆయన భుజం మీద ఒక దెబ్బ, కాలు తీసినప్పుడు వస్తే రెండు, బేరింగైతే అరచేత్తో రుద్దడం. పక్కన కూర్చున్న బండి ఆసామికి అది తండ్రీకూతుళ్ల ఆటలా కనబడేది. బాపు మాత్రం గంభీరంగా తల పంకించి, "కాలు తీసినప్పుడు జర కూస్తున్నది సాబ్, రేపు సరి చేస్త" అనేవాడు. ఆసామి నోరెళ్లబెట్టేవాడు. నేను వెనక సీట్లో మొహం దాచుకుని నవ్వుకునేదాన్ని. ఆటల్లో నన్ను ఎవరూ కలుపుకోకపోయినా అప్పుడు లెక్క లేదు నాకు. తొక్కుడుబిళ్ల ఎవరైనా ఆడతారు, బండి కడుపులో మాట ఎవరికి తెలుస్తుంది?

మరుసటి ఏడు, బతుకమ్మల రోజుల్లో, బార్కస్‌లో ఉండే సాలే సాబ్ అనే అరబ్బు పెద్దమనిషి ఒక కారు తెచ్చాడు. ముందు పొడుగ్గా, వెనక కురచగా, రెండే తలుపులతో, పాలపిట్ట రెక్క నీలంతో ఉండే విలాయతీ కారది. సాలే సాబ్ అరవై దాటిన మనిషి. తెల్లటి గడ్డం, గళ్ల లుంగీ, చేతిలో ఎప్పుడూ తన తోటలో కాసిన జామకాయల సంచీ. పడుచుతనంలో ఆయనా ఆయన అన్నా కలిసి ఆ కారు కొని, ఊరవతల వాడకం లేని విమానాల మైదానంలో పందేలు నడిపారట. అన్న పక్కన కూర్చుని మలుపులు చెప్తుంటే, తమ్ముడు తోలేవాడట. ఇప్పుడా అన్న బీదర్‌లో మంచం పట్టి, ఒక్కసారి ఆ కారులో కూర్చుంటానని కబురు పెట్టాడు. దసరా మర్నాడు తెల్లారే కారు తీసుకుని బయల్దేరాలని సాలే సాబ్ తొందర. కారేమో వెనక నుంచి ఏడుస్తోంది. ఇద్దరు మిస్త్రీలు చూసి, డిఫరెన్షియల్ మొత్తం పీకేసి వేరే బండిది ఎక్కిద్దామన్నారట. "దిల్ నికాల్‌కే దూస్రా డాల్తే క్యా నర్సింగ్?" అన్నాడు సాలే సాబ్ మా వాకిట్లో నిలబడి. గుండె తీసి ఇంకొకరిది పెడతారా అని ఆయన అడిగిన తీరుకు అమ్మ కూడా వంటింట్లోంచి తొంగి చూసింది.

బాపు విప్పాడు. మామూలు బండ్ల డిఫరెన్షియల్‌లో ఉండే పళ్లచక్రాలు కాక, అందులో ఇనుప బిళ్లల వరుస ఒకటి అదనంగా ఉంది. ఒక చక్రం మట్టిలో ఊరికే తిరిగిపోతుంటే రెండోదానికి కూడా బలం అందించడానికి, పందెం కార్లకు అలా పెడతారని నాకు చూపించాడు. అవి బాగానే ఉన్నాయి. పోయినవి బేరింగులు. అవి అరిగి, క్రౌను అనే పెద్ద పళ్లచక్రం పక్కకు ఊగి, పినియను అనే చిన్నదానితో పొసగడం లేదు. బేరింగులు కొత్తవి దొరికాయి. క్రౌనూ పినియనూ మాత్రం ఒకదానికొకటి పుట్టిన జత, ఆ కారుకు ఇంకో జత ఈ దేశంలో వెతికినా దొరకదు. వాటిని మళ్లీ పొసగించడమే పని. క్రౌనుకు ఎడమవైపూ కుడివైపూ పల్చటి ఇనుప రింగులు పెడతారు, కాగితమంత పల్చనివి కొన్ని, రెండు కాగితాలంత మందం కొన్ని. ఒక రింగు అటునుంచి ఇటు మారితే క్రౌను వెంట్రుకవాసి జరుగుతుంది. ఆ వెంట్రుకవాసి కోసం బాపు నాలుగు రోజులు కూర్చున్నాడు.

పొసిగిందీ లేనిదీ చూడటానికి ఆయన వాడేది ఆంజనేయస్వామికి పూసే సిందూరం. కిరాణా కొట్టులో పొట్లం కట్టించుకొచ్చి, నూనెలో కలిపి, క్రౌను పళ్లకు పల్చగా పూసి, చేత్తో తిప్పేవాడు. పినియను తగిలిన చోట సిందూరం తుడుచుకుపోయి మచ్చ పడేది. మచ్చ పంటి అంచున పడితే తప్పు, కొసన పడితే తప్పు, పంటి నడుమ చింతగింజంత పడితే సరి. దేవుడి సిందూరం గేర్లకు పూస్తారా, కళ్లు పోతాయని అమ్మ లొల్లి. "కండ్లు కాదు" అని నా వైపు చూసి కన్ను గీటేవాడు బాపు. నాలుగో రోజు సాయంత్రం చింతగింజ పడింది. నన్ను పిలిచి చూపించాడు. మరకలు తుడిచి ఆఖరిసారి బిగించడానికని మళ్లీ విప్పి, ఎడమవైపు మూడు రింగులు ఒక పళ్లెంలో, కుడివైపు నాలుగు ఇంకో పళ్లెంలో పెట్టాడు. మర్నాడే ఆయుధపూజ.

ఆయుధపూజ నాడు షెడ్డులో పని బందు. పానాలు, సుత్తులు, జాకీలు అన్నీ కిరసనాయిలుతో కడిగి, తుడిచి, అమ్మవారి పటం ముందు పరిచి, ఒక్కొక్కదానికి గంధం, కుంకుమ బొట్టు పెట్టాలి. మర్నాటి దాకా వాటిని ఎవరూ ముట్టుకోకూడదు. కడగడం ఏటా నా పని. ఇంట్లో అమ్మ పోలెలు చేస్తోంది, పూర్ణం వాసనా కిరసనాయిలు వాసనా కలిసిపోయి, ముంజేతుల దాకా మసి. ఆ ఏడు నాకు భక్తి ముదిరిపోయింది. పనిముట్లకే కాక పనిముట్లు కానివాటికి కూడా బొట్టు పెట్టేశాను, గల్లీ పిల్లి నుదుటితో సహా. ఆ ఊపులో రెండు పళ్లేల్లోని రింగులూ మురికిగా కనబడితే, గబగబా ఒక్క డబ్బాలోకే గుమ్మరించి కడిగేశాను.

కడిగాక గుర్తొచ్చింది. ఏడు రింగులు పాత పేపరు మీద మెరుస్తున్నాయి, ఏది ఎటుదో ఏమో. వేళ్లతో తడిమి చూశాను, అన్నీ ఒకేలా ఉన్నాయి. మూడు ఇందులో, నాలుగు అందులో పెట్టేశాను, లెక్క సరిపోయింది కదా అని నాకు నేనే సర్దిచెప్పుకున్నాను. ఇంతలో బాపు స్నానం చేసి, నుదుట బొట్టుతో వచ్చి, పళ్లేలు చూసి, "మస్తు మెర్పిచ్చినవ్ బిడ్డా" అన్నాడు. అప్పుడు చెప్పి ఉంటే అయిపోయేది. చెప్పలేదు. ఆ తర్వాత నా వంతు పోలె తీసుకెళ్లి పిల్లికి పెట్టేశాను.

దసరా పొద్దున బాపు బిగించాడు. పూజ అయిన వస్తువు, నిన్నగాక మొన్న సరిచూసిన పొసగు, మళ్లీ సిందూరం పూసే పని లేదనుకున్నాడు. ఎటూ రోడ్డు మీద చూస్తాం కదా. ఆయన ధీమా అది, అంటే నేను. నూనె పోశాడు, మూత బిగించాడు. మధ్యాహ్నం సాలే సాబ్ వచ్చాడు. ముగ్గురం బయల్దేరాం, ఆరాంఘర్ దాటి బెంగుళూరు రోడ్డు మీదికి. బాపు తోలుతున్నాడు, సాలే సాబ్ పక్కన, నేను వెనక ఇరుకు సీట్లో చెవి ఆనించి. ముప్పై దాటింది, ఏం లేదు. నలభై, ఏం లేదు. నా ప్రాణం లేచొచ్చింది. యాభై అందుకుని బాపు కాలు తీశాడు. సన్నగా, కింద నుంచి, "కూఁ" అని మొదలైంది.

మళ్లీ తొక్కాడు, ఆగింది. మళ్లీ తీశాడు, మళ్లీ కూసింది. ఇంకేం అనుమానం లేదు. రెండు దెబ్బలు కొట్టాలి. చెయ్యి భుజం దాకా వెళ్లింది. కొడితే బాపు విప్పుతాడు, విప్పితే రింగులు చూస్తాడు, చూస్తే నన్ను అడుగుతాడు. చెయ్యి వెనక్కి తీసుకున్నాను. సాలే సాబ్ ముందుకు చూస్తూనే, "నర్సింగ్, కుచ్ ఆవాజ్ హై క్యా?" అని మోత సంగతి అడిగాడు. బాపు నా దెబ్బ కోసం ఒక్క నిమిషం ఆగాడు. ఆ భుజం నా కోసం ఎదురుచూడటం నాకు కనబడుతూనే ఉంది. తర్వాత ఆయన హాయిగా నవ్వి, "నై సాబ్, ఏక్‌దమ్ సాఫ్" అన్నాడు. కూత వస్తూనే ఉంది. సాలే సాబ్ మెడ తిప్పి బాపు మొహం చూశాడు, తర్వాత నన్ను చూశాడు, తర్వాత కిటికీ బయటికి చూశాడు.

ఆయనకు వినబడింది. అన్నేళ్లు ఆ కారు తోలిన మనిషికి వినబడకుండా ఎలా ఉంటుంది? ఇంత కూత మిస్త్రీకి వినబడలేదంటే దానికి అర్థమేమిటో కూడా ఆయనకు అందినట్టే ఉంది. నేను నోరు మూసుకుంటే, బాపు పని చెడగొట్టిన మిస్త్రీ అవుతాడు. ఆ కూతతో బీదర్ దాకా పోతే దొరకని జత కాస్తా దారిలోనే పళ్లు రాలుస్తుంది, మంచం మీది మనిషి ఎదురుచూస్తూ ఉండిపోతాడు. నోరు విప్పితే, నన్నెందుకు వెనక కూర్చోబెట్టాడో చెప్పాలి, అప్పుడు బాపు చెవిటి మిస్త్రీ అవుతాడు. ఎటు చూసినా పోయేది బాపు పేరే. పదకొండేళ్ల మెదడు ఎంత చించుకున్నా మూడో దారి దొరకలేదు.

సాయంత్రం గల్లీ అంతా జమ్మి పంచుకుంటున్నారు. కొత్త బట్టలు, బంగారం తీసుకోండంటూ చేతుల్లో ఆకులు, కౌగిలింతలు, పెద్దవాళ్ల కాళ్లు మొక్కే పిల్లలు. కారు తాళం చేతికిచ్చి, దానితోపాటు బాపు సాలే సాబ్ అరచేతిలో జమ్మి ఆకులు పెట్టాడు. ఆయన తీసుకుని కళ్లకద్దుకున్నాడు, తాళం మాత్రం జేబులో వేసుకోకుండా అలాగే పట్టుకుని ఏదో అనబోయి ఆగుతున్నాడు. నేను జమ్మి తీసుకుని బాపు దగ్గరికి వెళ్లాను. కాళ్లు మొక్కాను. ఆయన నన్ను లేపడానికి వంగితే చెవిలో, "బాపు, సప్పుడున్నది" అన్నాను.

"ఏంది బిడ్డా?"

అది ఎడమ చెవి. మళ్లీ అన్నాను, కొంచెం గట్టిగా. "ఏంది? జర చెప్పు" అన్నాడు నవ్వుతూ, పండగ పైసలు అడుగుతున్నాననుకున్నాడేమో. ఇంక ఆగలేకపోయాను. గుక్కపట్టి ఏడుస్తూ, ఉన్న బలమంతా పెట్టి అరిచాను. "సప్పుడున్నది బాపు! నేను కొట్టలె! రింగులు నేనే కల్పిన!"

గల్లీ గల్లీ అంతా ఆగి మా వైపు తిరిగింది. బాపు మొహంలో నెత్తురు లేదు. ఎదురింటి వాకిట్లోంచి ఎవరో, "ఏమైంది నర్సింగన్నా, పిల్ల గట్ల మొత్తుకుంటున్నది?" అన్నారు. ఆ ప్రశ్నకు జవాబు చెప్పింది సాలే సాబ్. పెద్దగా నవ్వుతూ, చెవి దగ్గర చెయ్యి ఆడించి, "ఉమర్ హోగయీ భాయ్! మేరేకు సునాయీ నై దేతా, ఇస్‌వాస్తే చిల్లారీ బచ్చీ" అన్నాడు. వయసు మీద పడి తనకు వినబడదట, పిల్ల తన కోసమే అరుస్తోందట. జనం నవ్వేశారు, మళ్లీ జమ్మిలో పడిపోయారు. దెబ్బ పడుతుందని నేను కళ్లు మూసుకునే ఉన్నాను. దెబ్బ పడలేదు. "చాబీ దేదో సాబ్, సుబే ఖోల్తూఁ" అని, పొద్దున విప్పుతానని బాపు తాళం తిరిగి అడగడం వినబడింది, ఆ గొంతు నేనెప్పుడూ ఎరగను. సాలే సాబ్ తాళం ఇచ్చి, నా నెత్తిన చెయ్యి వేసి, బస్సు ఎక్కి బార్కస్ వెళ్లిపోయాడు.

పొద్దున్నే బాపు విప్పాడు. సాలే సాబ్ లుంగీ పైకి కట్టి పక్కనే గొంతుక్కూర్చున్నాడు. సిందూరం పూసి తిప్పితే మచ్చ పంటి అంచుకు పోయి పడింది. బాపు కళ్లు మూసుకుని ఏడు రింగులూ ఒక్కొక్కటే వేళ్ల మధ్య తిప్పాడు. రెండింటిని పక్కకు తీసి, ఒకదాని చోట ఒకటి మార్చాడు. మళ్లీ పూసి, మళ్లీ తిప్పితే చింతగింజ. నా వైపు చూడకుండానే పానా అందుకున్నాడు. తిట్టినా బాగుండేది. అంతా బిగించాక నేను మొహం కడుక్కుని, జడ సరిచేసుకుని కారు దగ్గర నిలబడ్డాను. సాలే సాబ్ పొడుగు కాళ్లు మడుచుకుని, మూలుగుతూ వెనక సీట్లోకి దూరాడు. బాపు నన్ను దాటుకుని పోయి, తలుపు వేసుకుని, బండి తీశాడు.

ఆ రోజే బీదర్ వెళ్లాడు సాలే సాబ్. అన్నను మంచం మీంచి ఎత్తి కారులో కూర్చోబెట్టి, ఊరి చుట్టూ రెండుసార్లు తిప్పాడట. నాలుగు రోజుల తర్వాత వచ్చి ఆ ముచ్చట చెప్తూ కళ్లు తుడుచుకున్నాడు. అప్పటి నుంచి ప్రతి శుక్రవారం నమాజయ్యాక జామకాయల సంచీతో మా షెడ్డుకు వచ్చేవాడు. వారమంతా బిగించిన బండ్ల టెస్టులు బాపు శుక్రవారానికి పెట్టుకునేవాడు. గల్లీలో వాటికి జుమ్మా డిఫ్రెన్షల్ అని పేరు పడింది. తనకు చెవుడని గల్లీకంతా చెప్పుకున్న పెద్దమనిషి, వెనక సీట్లో కూర్చుని ఇంకొకరికి చెవయ్యాడు, అది చూసి ఎవరికీ అనుమానం రాకపోవడం మా గల్లీ తెలివి. బాపు పేరు పోలేదు. ఇంకో తొమ్మిదేళ్లు షెడ్డు నడిచింది. సాలే సాబ్ చనిపోయిన నెలలోనే మూతపడింది. అప్పటికి నేను డిగ్రీ చదువుతున్నాను, నా చెవులు భేషుగ్గా ఉన్నాయి. బాపు అడుగుతాడేమోనని చూశాను. అడగలేదు. పానాలన్నీ తూకానికి అమ్మేశాడు.

తప్పు చేశాను, సీటు పోయింది. అదే లెక్క వేసుకుని బతికాను. ఆ తొమ్మిదేళ్లలో చాలా శుక్రవారాలు, టెస్టుకు పోయే వేళకు గేటు దగ్గర ముగ్గుపిండితో గళ్లు గీసుకుని ఒక్కదాన్నే తొక్కుడుబిళ్ల ఆడేదాన్ని, పిలిస్తే వెంటనే ఎక్కడానికి వీలుగా చెప్పులు వేసుకుని మరీ. తర్వాత తర్వాత గళ్లు గీసే వయసు పోయింది, పుస్తకం పట్టుకుని నిలబడేదాన్ని.

ఇప్పుడా షెడ్డు చోట సెల్‌ఫోన్ల దుకాణం అద్దెకుంది. డిఫరెన్షియల్ పాడైతే ఎవరూ విప్పరు, మొత్తం తీసి కొత్తది బిగించి గంటలో పంపేస్తారు. సిందూరం పొట్లాలు గుళ్లకే పోతున్నాయి. బార్కస్‌లో ఆ తోట ఉన్న చోట మిద్దెలు లేచాయి. సింహాలు జూలో ఇంకా అరుస్తూనే ఉంటాయి కాబోలు, బస్సుల రొదలో, ఫ్లైఓవర్ల హోరులో నాకే వినబడదు. అమ్మ పోయి ఆరేళ్లు. బాపుకు ఎనభై దాటాయి, నా దగ్గరే ఉంటాడు, రెండు చెవులూ పూర్తిగా పోయాయి. వేలు పోసి కొన్న చెవి మిషను గరగరమంటోందని, బేరింగు పోయిందని చెప్పి డబ్బాలో పడేశాడు. ఏం చెప్పాలన్నా మంచం పక్కనున్న పలక మీద రాయాల్సిందే.

ఆ వాసన పీల్చి వచ్చిన రోజు అన్నం పెట్టాక పలక తీసుకున్నాను. ఇన్నేళ్లూ ఎందుకు అడగలేదో, ఆ రోజే ఎందుకు అడగాలనిపించిందో నాకు తెలీదు. "సాలే సాబ్ కారు తర్వాత నన్ను టెస్టుకు ఎందుకు తీసుకుపోలేదు?" అని రాశాను. బాపు కళ్లద్దాలు పెట్టుకుని రెండుసార్లు చదివాడు. పలక ఒళ్లో పెట్టుకున్నాడు. మాట్లాడితే, ఆయనకు తన గొంతు వినబడదు కనక, పై ఇంటివాళ్లకు కూడా వినబడేంత గట్టిగా మాట్లాడతాడు.

"గింతంత పిల్లవు! నా బువ్వ తీస్కపోయి నీ చేతిల వెడితి. నువ్వు భయపడ్డవ్. గది నీ తప్పెట్లయితది? పండుగ పూట నువ్వు గట్ల మొత్తుకుంటుంటె సిగ్గుతోని సచ్చిపోయిన బిడ్డా. మల్ల నిన్ను గా సీట్ల కూసోవెట్టనని ఒట్టు వెట్టుకున్న." ఆగి, కళ్లద్దాలు తీసి తుడుచుకున్నాడు. "నువ్వు గూడ ఎన్నడు అడగలె. పీడ వోయిందని సంబురవడ్డవనుకున్న."

నేను పలక తుడిచాను. సుద్ద చేతిలో విరిగింది. చిన్న ముక్కతోనే, ప్రతి శుక్రవారం గేటు దగ్గర నీ కోసమే నిలబడేదాన్ని బాపు, అని రాసి చూపించాను.

ఆయన చదివాడు. నా మొహం చూశాడు, మళ్లీ పలక చూశాడు.

"చూస్తనే ఉంటి," అన్నాడు. "ఆడుకుంటున్నవనుకుంటి."